తెల్లపిట్టల దిబ్బ మీద ఒక మధ్యాహ్నం

మాది రెంటచింతల అని చెబితే బస్సులో పక్కసీటు వాళ్ళు జాలిగా చూస్తారు. ఏప్రిల్ వచ్చిందంటే టీవీలో మా ఊరి పేరు, దాని పక్కన ఒక అంకె, ఆ పక్కన మండే సూర్యుడి బొమ్మ కనిపిస్తాయి. బంధువులు ఫోన్ చేసి "ఇంకా బతికే ఉన్నారా?" అని అడుగుతారు. అలాంటి ఊరి నుంచి మే నెలలో, సముద్రం ఒడ్డున చెట్టు నీడ కూడా లేని ఇసుకదిబ్బ చూడటానికి వెళతానంటే మా ఇంట్లో నవ్వారు.

నేను నరసరావుపేటలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. అక్కడ మనుషులతో కంటే పుస్తకాలతో ఎక్కువ గడుస్తుంది, నాకూ అదే ఇష్టం. ఒకరోజు కొత్తగా వచ్చిన పక్షుల పుస్తకానికి నంబరు వేస్తుంటే మా సహోద్యోగి ఒకావిడ తొంగిచూసి, "ఈ పిట్టలు మా వైపు దిబ్బ మీద గుడ్లు పెడతాయి. అక్కడ పాతకాలం దీపస్తంభం కూడా ఉంది" అంది. ఆవిడది నాగాయలంక దగ్గర ఊరు. ఆ మాట డైరీలో రాసుకున్నాను. ఏడాది తర్వాత ఆవిడే అనుమతులు అడిగి, అక్కడ కాపలా ఉండే నాంచారమ్మ ఇంట్లో మకాం మాట్లాడి పెట్టింది.

ఒక్కదాన్నే పంపనన్నారు నాన్న. అప్పుడు మా మేనత్త శౌరమ్మ కలగజేసుకుంది. మిరపకాయలు అమ్మేసి ఖాళీగా ఉంది.

"యాభై ఎనిమిదేళ్ళు వచ్చినయ్, సముద్రం చూళ్ళా నేను. నేను పోతాలే దానెంట. అది నోరు తెరవదు, నేను మూయను. ఇద్దరం సరిపోతాం" అంది.

ఆ దిబ్బ పేరు ఇక్కడ రాయటం లేదు. రాయనని నాంచారమ్మకు మాటిచ్చాను.

పెనుమూడి వారధి

గుంటూరులో బస్సు మారి, రేపల్లె దాటాక నేల ఒక్కసారిగా చదునైపోయింది. మా వైపు నేలలో రాయి తగలకుండా పలుగు దిగదు. ఇక్కడ రాయి అనేదే లేదు. వారధి మీదికి బస్సు ఎక్కగానే ఆడవాళ్ళు కిటికీల్లోంచి రూపాయి బిళ్ళలు విసిరారు. అత్త సిలువ గుర్తు వేసుకుని, కిందికి చూసి ఆశ్చర్యపోయింది.

"ఇది ఏ నది?"

"కృష్ణేగా అత్తా."

"మన సత్రశాల కాడ రాళ్ళల్లో పడి పోయే కృష్ణా ఇది? అవతలి గట్టు కనపడకుండా ఎంత బలిసిందే!"

ముందుసీట్లో ఒక పెద్దాయన వెనక్కి తిరిగి, "పుట్టింట్లో అందరూ సన్నగానే ఉంటారమ్మా" అన్నాడు. అత్త పగలబడి నవ్వింది. అవనిగడ్డ వచ్చేసరికి ఆయనకు మా ఇంట్లో గేదెలెన్నో, నాకు పెళ్ళెందుకు కాలేదో అన్నీ తెలిసిపోయాయి. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

రేవు దగ్గర

నాగాయలంకలో భోజనం నూరు రూపాయలు. చేప ముక్క చెయ్యంత ఉంది. మామిడికాయ వేసిన పులుసు నాకు అమృతంలా అనిపించింది. అత్త ఒక్క ముద్ద తిని, సంచిలోంచి గొడ్డుకారం డబ్బా తీసి పులుసులో కలిపింది. హోటలావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసి, "మీది మాచర్ల వైపా?" అంది. ఎలా తెలిసిందని నేను అడగలేదు.

ఇంజిను పడవ నడిపే మనిషి పేరు ఏడుకొండలు. ఎన్నింటికి బయల్దేరతామని అత్త మూడుసార్లు అడిగింది.

"పోటు ఎక్కినప్పుడండీ."

"అంటే ఎన్నింటికయ్యా?"

"మీ ఊళ్ళో బస్సుకు టైముంటది. ఇక్కడ నీళ్ళకుంటది."

సముద్రం నీళ్ళు ఏటిలోకి ఎదురు ఎక్కటం పోటు, దిగటం పాటు. మేము కాస్త ఆలస్యంగానే బయల్దేరినట్టున్నాం. మడచెట్ల మధ్య పాయలో పడవ బురదలో కూరుకుపోయింది. గంటసేపు కదల్లేదు. మడచెట్ల వేర్లు బురదలోంచి పైకి వేళ్ళలా పొడుచుకొచ్చి ఉన్నాయి. ఎర్ర పీతలు ఒక్కో చెయ్యి ఎత్తి మమ్మల్ని పిలుస్తున్నట్టు ఆడించాయి. దిగి నెట్టబోయిన అత్త మోకాలి దాకా దిగబడి, ఒక చెప్పు అక్కడే వదిలేసింది. అది ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది.

మడచెట్లు అయిపోగానే సముద్రం. దిబ్బ చివర తెల్లగా, మధ్యలో నల్ల పట్టీతో దీపస్తంభం. దాని కింద నాలుగు తాటాకు ఇళ్ళు, ఒక రేకుల గది. అంతే.

చెలమ

నాంచారమ్మకు యాభై ఉంటాయి. సన్నటి మనిషి. మాట్లాడేటప్పుడు మన ముఖం వైపు కాక మన వెనకున్న ఇసుక వైపు చూస్తుంది. మూడేళ్ళ నుంచి ఆ చూపే ఆమె పని. పిట్టలు గుడ్లు పెట్టే నెలల్లో కుక్కల్ని, మనుషుల్ని అటు పోనివ్వకూడదు.

మర్నాడు పొద్దున్నే నీళ్ళకు తీసుకెళ్ళింది. సముద్రానికి నూరు అడుగుల్లో ఇసుకలో చెయ్యి లోతు గుంట. చెలమ. అందులో నీళ్ళు తియ్యగా ఉన్నాయి! వాన నీళ్ళు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీళ్ళ మీద పల్చగా తేలుతుంటాయట. కొబ్బరి చిప్పతో పైపైన ముంచుకోవాలి. మా ఊళ్ళో నీళ్ళు కావాలంటే బోరు ఇంకా లోతుకు దించుతారు. మా అత్తకు అదే తెలుసు.

"ఈ చిప్పతో ఎప్పటికి నిండుద్ది? ఇటియ్యి" అని బకెట్టు మొత్తం ఒత్తి ముంచింది. గుంట కలకబారిపోయింది. అత్త ఒక గుక్క తాగి ఉమ్మేసింది.

"ఉప్పు! ఇందాక తియ్యగుందిగా?"

"లోతుకు పోతే ఉప్పేనక్కా ఇక్కడ" అంది నాంచారమ్మ. కోపం లేదు. "సాయంత్రానికి మళ్ళా తేరుకుంటదిలే."

అత్త బకెట్టు కడుక్కుంటుంటే నాంచారమ్మ నన్ను పక్కకు పిలిచి పిట్టల్ని చూపించింది. చూపించేదాకా నాకు ఒక్కటి కూడా కనబడలేదు. ఎదురుగా ఎండబెట్టిన నెత్తళ్ళు, వేలెడంత చేపలు, పాత వల మీద పరిచి, పైన ఇంకో వల కప్పి ఉన్నాయి. అవతల వట్టి ఇసుక. ఆ ఇసుకలోంచి ఒక పిట్ట లేచింది. పిడికెడంత ఒళ్ళు, నల్ల టోపీ, పసుపు ముక్కు. పుస్తకంలో దాన్ని టెర్న్ అన్నారు. ఇక్కడి వాళ్ళకు వట్టి తెల్లపిట్ట. అది లేచిన చోట చిన్న గుంట, అందులో రెండు గుడ్లు, ఇసుక రంగువే, మరకలతో. గూడంటే అంతే. పుల్ల కూడా లేదు.

"ముప్ఫై రెండు గూళ్ళమ్మా. మొదటేడు కుక్కలు తిన్నయ్. నిరుడు పెద్ద పోటొచ్చి ఒక్క గుడ్డు మిగల్లా. మూడోసారి కూడా పోతే ఇవి ఇంకో దిబ్బ చూసుకుంటయ్. ఇక రావు. ఇవాళో రేపో గుడ్లు పగిలి లేస్తయ్ పిల్లలు. ఈ రెండ్రోజులు గడిస్తే చాలు." అని నా చెయ్యి పట్టుకుంది. "మధ్యాన్నం ఎవరం బయటికి రాం ఇక్కడ. పదకొండు నుంచి మూడు దాకా తలుపేసుకుని పడుకుంటాం. మీ అత్తకు చెప్పు."

సరే పిన్నీ అన్నాను.

చెప్పలేదు. అప్పుడే బకెట్టు సంగతిలో అత్త చిన్నబుచ్చుకుని ఉంది. ఇంకో మాట, అదీ నేను, పెద్దదానికి "నువ్వు బయటికి రావద్దంట" అని ఎలా చెప్పటం? కాసేపాగి చెబుదామనుకున్నాను. ఇంట్లోకి వచ్చి డైరీలో మాత్రం రాసుకున్నాను.

దీపస్తంభం

దీపం చూసే ఆయన్ని అందరూ లైటు బాబాయి అంటారు. పది గంటలకు నన్ను పైకి తీసుకెళ్ళాడు. అత్త మోకాళ్ళ నొప్పులని కిందే ఉండిపోయింది. చెప్పులు కింద విడిచి, ఇనప మెట్లు ఎక్కాం. గోడలో తెల్లదొరల కాలంనాటి ఇనప పలక ఉంది గానీ, ఉప్పుగాలి దాని మీది అక్షరాలన్నీ తినేసింది.

పైన గాజుగది చుట్టూ తెల్ల పరదాలు కట్టి ఉన్నాయి.

"ఇవెందుకు బాబాయి గారూ?"

"ఇప్పుడు లోపలున్నది ఇంతే బల్బు. చుట్టూ ఉన్న అద్దాలే దాన్ని సముద్రంలోకి అంత దూరం విసిరేది. పగలు పరదా తీశామా, ఆ అద్దాలే ఎండను లోపలికి విసురుతయ్. అంతా కాలిపోద్ది. మా నాన్న కూడా ఇక్కడే చేశాడు. పొద్దున లేవగానే మొహం కడక్కముందు పరదా కట్టేవాడు."

ఆయన అద్దాలు తుడుస్తూ ఉంటే నేను అడిగినవన్నీ రాసుకున్నాను. ముక్కూమొహం తెలియని మనిషిని అన్ని ప్రశ్నలు అడగటం నాకే వింతగా ఉంది. టైము చూసుకోలేదు. బయట నడవాలోకి వచ్చేసరికి నీడలు కాళ్ళ కిందికి వచ్చేశాయి. కింద ఇసుక అద్దంలా మెరుస్తోంది. ఇళ్ళ తలుపులన్నీ వేసి ఉన్నాయి. పైనుంచి పిట్టలు బాగా కనబడ్డాయి. ఇసుక మీద తెల్ల చుక్కలు. ఒక్కటీ కదలటం లేదు.

"ఇంత ఎండలో పొదగటం దేనికి? వేడి చాలదా?" అన్నాను.

"పొదగటం కాదమ్మా, అది నీడ పట్టటం. పొద్దున, సాయంత్రం పొదుగుతయ్. ఇప్పుడు గొడుగు. అదుగో, అది చూడు." ఒక పిట్ట నీళ్ళంచుకు వెళ్ళి పొట్ట తడుపుకుని వచ్చి మళ్ళీ గుడ్ల మీద కూర్చుంది. "తడిబట్ట వేసినట్టు. ఈ ఎండలో పావుగంట లేచి ఉంటే గుడ్డు ఉడికిపోద్ది."

అప్పుడే కింద నాంచారమ్మ ఇంటి తలుపు తెరుచుకుంది. తలకు తుండుగుడ్డ చుట్టుకుని, చేతిలో కర్రతో అత్త బయటికి వచ్చింది.

మా ఊళ్ళో కళ్ళంలో ఏది ఎండబోసినా పక్కన ఒక మనిషి, ఆ మనిషి చేతిలో ఒక కర్ర ఉండాలి. జొన్నలైనా, పెసలైనా అంతే. చిన్నప్పటి నుంచి అత్త చేసిన పని అది. ఇక్కడ చేపలు బయట పోసి, పక్కనే గుంపుగా పిట్టలు కూర్చుని ఉంటే ఇంటిల్లిపాదీ నిద్రపోవటం ఆమె చూడలేకపోయింది. పొద్దున పాడుచేసిన నీళ్ళకు ఈ సాయం చేసి సరిపెడదామనుకుందట. చచ్చిన చేపను ఆ పిట్టలు ముట్టవని ఆమెకు తెలియదు.

"హోయ్! హోయ్! హా!"

ఇసుక మొత్తం లేచి గాల్లోకి వెళ్ళినట్టయింది. తెల్లమబ్బులా లేచి, కీచుమంటూ తిరుగుతున్నాయి.

"అరువమ్మా, మీ అత్తేగా!" అన్నాడు లైటు బాబాయి. నోరు తెరిచాను. కేక రాలేదు. ఆయనే రెండుసార్లు అరిచాడు, గాలి వెనక్కి కొట్టింది. నేను మెట్ల మీద పరుగెత్తాను. చెప్పులు వేసుకోవటం కూడా మర్చిపోయాను. రెంటచింతల ఎండలో పుట్టి పెరిగిన కాళ్ళు ఆ ఇసుకలో పది అడుగులకే బొబ్బలెక్కాయి.

అత్త నన్ను చూసి గర్వంగా నవ్వింది. "చూసినవా? ఒక్కటి లేదు! మళ్ళా రాకుండా అది కూడా పాతినా." చేపల పక్కన కర్ర పాతి, దానికి ఎర్ర తుండుగుడ్డ కట్టింది. గాలికి రెపరెపలాడుతోంది.

"లోపలికి రా!" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, అత్త మారుమాట్లాడకుండా వచ్చింది.

తాటాకు సందులోంచి

నాంచారమ్మ అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. మమ్మల్ని లోపలికి లాగి తలుపు వేసింది. తిట్టలేదు. తాటాకు గోడలో సందు దగ్గర కూర్చుని బయటికి చూడసాగింది. సంగతి రెండు ముక్కల్లో అత్తకు నేనే చెప్పాను. అవి నీడ పడుతున్నాయని, లేస్తే గుడ్లు ఉడికిపోతాయని. అత్త ముఖం ఎండిపోయింది.

ఒక్కొక్కటే దిగాయి. ముందు దూరంగా ఉన్నవి, తర్వాత మధ్యలోవి. నాంచారమ్మ పెదాలు కదుపుతూ లెక్కపెడుతోంది. ముప్ఫై దాకా వచ్చింది. ముప్ఫై ఒకటి. ఆగిపోయింది.

"ఆ ఎర్రగుడ్డ పక్కన గూడు. గుడ్డ ఊగతా ఉంటే దిగట్లా."

"నేను పోయి పీకేసొస్తా" అని లేచింది అత్త.

నాంచారమ్మ ఆమె కొంగు పట్టుకుంది. "కూచో అక్కా. నువ్వు పోతే ఆ ముప్ఫై ఒకటీ మళ్ళా లేస్తయ్."

"పాకతా పోతా. కనపడను."

"ఇక్కడ కనపడకుండా పోయేది పామొక్కటే. కూచో."

"మరి ఆ రెండు గుడ్లూ?"

నాంచారమ్మ మళ్ళీ సందులోంచి చూసింది. కొంగు మాత్రం వదల్లేదు.

మూడు గంటల దాకా అలాగే కూర్చున్నాం. నా కాళ్ళకు ఆమె చెలమ నీళ్ళతో తడిపిన గుడ్డ చుట్టింది. అత్త జపమాల చేతిలో పట్టుకుంది గానీ పూసలు కదలటం లేదు. కన్ను సందుకే ఆనించి ఉంది. ఆ ఒక్క పిట్ట వచ్చేది, నాలుగు అడుగుల దూరంలో దిగేది, గూటి వైపు పరుగెత్తేది, గుడ్డ కొట్టుకోగానే ఎగిరిపోయేది. ఎన్నిసార్లో. ఒకసారి పొట్ట తడుపుకుని వచ్చింది. నీళ్ళు కారుతున్న పొట్టతోనే గాల్లో తిరిగి తిరిగి, ఆరిపోయాక మళ్ళీ నీళ్ళకు వెళ్ళింది.

"నా గుడ్డేనే అది," అంది అత్త మెల్లగా. "నా తలగుడ్డ."

పొద్దు వాలాక నాంచారమ్మ ఒక్కతే వెళ్ళి కర్ర పీకింది. ఆమె తిరిగి గుమ్మం చేరకముందే ఆ పిట్ట వచ్చి గుడ్ల మీద కూర్చుంది. ఆ పూట పీతల కూర వండింది నాంచారమ్మ. అత్త కారం డబ్బా తీయకుండానే తినేసి పడుకుంది.

పాటు రాకముందే

తెల్లవారుజామున నాంచారమ్మ మమ్మల్ని లేపింది. దూరం నుంచే చూపించింది. ఇసుక కదులుతోంది. అదే రంగు, అదే మరకలు, కానీ కాళ్ళున్నాయి. పిల్లలు! వేలి కణుపంత. తల్లులు వెండి ముక్కల్లాంటి చేపల్ని తెచ్చి నోట్లో పెడుతున్నాయి. పదకొండు గూళ్ళలో లేచాయని నాంచారమ్మ చెప్పింది. మూడేళ్ళలో ఆ దిబ్బ మీద పుట్టిన మొదటి పిల్లలు అవి.

అత్త చూపు మాత్రం కర్ర పాతిన చోటే ఉంది. ఆ పిట్ట కూర్చునే ఉంది.

"దాని కింద ఎట్టున్నయ్యో?"

"తెలవదక్కా. ఒక్కోసారి ఆలస్యంగా లేస్తయ్."

"లేవకపోతే ఎన్నాళ్ళు కూచుంటది?"

"దానికి తెలిసిందాకా."

ఏడుకొండలు పడవ మీద నుంచి కేక వేశాడు. నీళ్ళు దిగబోతున్నాయి. పడవలో అత్త దిబ్బ వైపు తిరిగి కూర్చుంది. మడచెట్లు అడ్డం వచ్చేదాకా అలాగే ఉంది. గుంటూరు దాకా పక్కసీటు వాళ్ళతో ఒక్క మాట మాట్లాడలేదు. టికెట్లు కూడా నేనే అడిగి తీసుకున్నాను.

ఫోను

దిబ్బ మీద సిగ్నలు ఉండదు. బియ్యం కోసం నాగాయలంక వచ్చినప్పుడు చేస్తానంది నాంచారమ్మ. పదో రోజున చేసింది. సెలవులు ఇంకా అయిపోక నేను ఇంట్లోనే ఉన్నాను. అత్త మా వాకిట్లోనే ఉంది. స్పీకరు పెట్టమంది. బాగున్నావా అని కూడా అడగలేదు.

"లేచినయ్యా?"

"ముప్ఫై ఒక్క గూళ్ళూ లేచినయ్యక్కా. నీళ్ళంచున పరుగులు పెడతన్నయ్ పిల్లలు. రెక్కలాడించటం కూడా నేరుస్తన్నయ్ కొన్ని."

"అది?"

బజారు చప్పుడులోంచి పక్కకు జరిగినట్టుంది నాంచారమ్మ.

"లేవలా. మొన్నటిదాకా కూచుంది. మొన్న పొద్దున గూడొదిలి ఎగిరిపోయింది."

అత్త ఫోను వైపు కాకుండా గోడ వైపు చూసింది. "నువ్వు మాట్లాడవే" అని ఫోను నా చేతిలో పెట్టింది.

పది రోజులుగా డైరీలో నాలుగు రకాలుగా రాసి కొట్టేసిన మాట అది. రాసినప్పుడు పెద్దగా ఉండేది. నోట్లో ఇంత చిన్నదని తెలియదు.

"పిన్నీ, మధ్యాన్నం బయటికి రావద్దని నువ్వు పొద్దున్నే నాకు చెప్పావు. అత్తకు చెప్పమన్నావు. నేను చెప్పలేదు."

అత్త నెమ్మదిగా నా వైపు తిరిగింది.

"పొద్దున్నే చెప్పిందా?"

"ఊఁ."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఏమే, పది దినాల్నుంచి నేను తిండి మానేసి కూచుంటే, ఎదురుగా కూచుని చూస్తన్నావా నువ్వు?"

కొడుతుందనుకున్నాను. చెయ్యి ఎత్తింది కూడా. ఆ చేత్తోనే నా ఫోను లాక్కుంది.

"నాంచారమ్మా, వచ్చే ఏడు మళ్ళా వస్తన్నాం, ఇదీ నేనూ. పిట్టలకు ఏం కావాలో, మనుషులు ఏం చెయ్యకూడదో, ఏదున్నా నాకే చెప్పు. దీనికి చెప్పమాక."